మట్టి నగకు మజూరీ గిట్టేనా?

ఒర్లియంపేట (పుదుచ్చేరి): బంగారు నగ కొనేవారు మొదట అడిగేది తూకం. తరుగు, మజూరీల ప్రస్తావన ఆ తరువాతనే. కాల్చిన మట్టితో చేసిన నగ విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. ముడిసరుకు విలువ అత్యల్పం కాగా, ధర దాదాపు యావత్తూ మజూరీయే. బట్టీలో పగిలిపోయే పూసల రూపంలో తరుగును సైతం చేసినవారే భరించవలసి వస్తుంది.

పుదుచ్చేరి పట్టణంలోని ఒర్లియంపేట పరిసరాలకు ఈ విద్య కొత్తది కాదు. ఇక్కడికి దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న అరికమేడు రెండు వేల ఏళ్ల క్రితమే పూసల తయారీకి పెద్ద కేంద్రం. 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలలో రోమన్ వర్తక సంబంధాలకు ఆధారాలు లభించాయి. గాజును సన్నని గొట్టంగా సాగదీసి, ముక్కలుగా కోసి తయారుచేసిన ఇక్కడి పూసలు ఆగ్నేయాసియా దాకా ఎగుమతి అయ్యాయి.

ఆ పద్ధతికి సన్నిహితమైన విధానం తెలుగునాట శ్రీకాళహస్తి చేరువలోని పాపానాయుడుపేటలో నిలిచి ఉన్నట్లు గత శతాబ్ది చివరి దశకాలలో పరిశోధకులు గుర్తించారు. కోసిన ముక్కలను మళ్లీ వేడిచేసి నునుపు చేసేటప్పుడు రంధ్రం మూసుకుపోకుండా బూడిదతో నింపడం ఆ పనివారి నేర్పు.

నేడు పుదుచ్చేరిలో ఈ తరహా హస్తకళకు ప్రధాన ఆలంబనం పట్టణానికి పడమట ఉన్న విల్లియనూరు మట్టిపని. ఆ గ్రామ శిల్పి వి.కె. మునుసామికి 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. విల్లియనూరు మట్టిపనికి, కాగితపు గుజ్జుతో చేసే తిరుకనూరు బొమ్మలకు భౌగోళిక గుర్తింపు సైతం దక్కింది.

మట్టి నగ తయారీ ఓపికతో కూడిన పని. జల్లించి మెత్తగా పిసికిన మట్టిని చేతితో తీర్చి, నీడన ఆరబెట్టి, బట్టీలో కాలుస్తారు. గాలి బాగా ఆడితే నగ ఎర్రబడుతుంది. గాలిని అడ్డగించి పొగ పట్టిస్తే నల్లబడుతుంది. తేమ మిగిలితే పగులుతుంది. పుదుచ్చేరిలో ఈశాన్య రుతుపవనాల వానలు కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. దీపావళి, క్రిస్మస్ గిరాకీ వచ్చేదీ అప్పుడే. ఫలితంగా కొనేవారు వచ్చే వేళకు మట్టి ఆరదు.

భౌగోళిక గుర్తింపు పేరును రక్షిస్తుందే తప్ప ధరకు హామీ ఇవ్వదు. పదేళ్లకోసారి దానిని పునరుద్ధరించుకోవాలి. 2023 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన విశ్వకర్మ పథకం 18 వృత్తులవారికి 5 శాతం వడ్డీపై రెండు విడతలుగా రూ.3 లక్షల వరకు రుణ సదుపాయం కల్పించింది. ఆ జాబితాలో కుమ్మరులు, స్వర్ణకారులు ఉన్నారు. అయితే శిక్షణ పొంది ఇంటిపట్టున మట్టి నగలు చేసే మహిళల పనికి అందులో ప్రత్యేకంగా పేరు లేకపోవడం గమనార్హం.

అరికమేడు పూసలను నేడు పుదుచ్చేరి మ్యూజియంలో అద్దాల వెనుక చూడవలసిందే. వాటిని చేసిన చేతులకు అక్కడ వారసులు లేరు. విల్లియనూరు మట్టి నగ అంగడిలోనే నిలవాలంటే, అది చేసే వ్యక్తికి దినకూలికి తగ్గని మజూరీ గిట్టాలి.