మగ్గపుశాలకు పాలీకార్బొనేట్ రేకులు

పట్టపగలు దీపము పెట్టుకొని తెగిన పోగును వెదకుకొనుట మనకు అలవాటే. ఈ బాధ తొలగుటకై రెండేండ్ల క్రిందట మా సంఘపు షెడ్డు కప్పులో జింకు రేకుల నడుమ నాలుగు పాలీకార్బొనేట్ రేకులు వేయించితిమి. వెలుతురు బాగుగనే వచ్చినది. కాని ఏడాది తిరుగకమునుపే రెండు బీటలు వారినవి. తప్పు రేకులది కాదు, మాదే.

పాలీకార్బొనేటును 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ వేరువేరుగా కనుగొనిరి. గాజువలె తేటగా నుండును, బరువులో గాజుకు సగమే. గాజు పగులు దెబ్బకు ఇది పగులదు. అందుచేతనే హెల్మెట్ల ముఖపు అద్దములకు, కండ్లజోళ్లకు వాడుచున్నారు. సుమారు 147 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మెత్తబడదు.

అయితే వేడికి ఇది ఇనుముకన్న అయిదు రెట్లు మించి సాగును. పదడుగుల రేకు 30 డిగ్రీల వేడి హెచ్చినచో ఆరు మిల్లీమీటర్లు పెరుగును. మా పనివాడు మరమేకుకు సరిగ్గా రంధ్రము చేసి బిగించెను. సాగుటకు చోటేది? రంధ్రము పెద్దదిగా చేసి, రబ్బరు వాషరు వేసి, కొంచెము వదులుగా బిగించవలెను. ఎండనాపు పూత ఒకవైపుననే యున్న రేకైనచో ఆ వైపు ఆకాశమునకే యుండవలెను, తిరుగవేసినచో పచ్చబడును.

మిగిలిన రెంటిని మా కుర్రవాడొకడు అద్దకపు కాస్టిక్ సోడా నీళ్లతో కడిగెను! మసకబారినవి. క్షారములు, అమోనియా, ఎసిటోన్ దీనికి పడవు. సబ్బునీరు, మెత్తని గుడ్డ చాలును. పీచుతో తోమినచో గీతలు పడును.

నాలుగింటిని మార్చిన ఖర్చు సభ్యులకు చెప్పుకొనవలసి వచ్చినది. ఆ క్రింది మగ్గముపై నేయు పెద్దాయన మాత్రము ఇప్పుడు సాయంత్రము అయిదింటివరకు దీపము వెలిగించుకొనుట లేదు.