దుబాయి ఫ్లాటుకు ఎమ్మిగనూరులో లెక్క

ఎమ్మిగనూరులో ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు రాసే పని నాది. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్లకు సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. ఇక్కడికీ ఇప్పుడు దుబాయి ఫ్లాట్ల బ్రోచర్లు వస్తున్నాయి. మొన్న పత్తి వ్యాపారి ఒకాయన ఒకటి తెచ్చి అడిగారు: "ఏడు శాతం అద్దె అంట సార్. మన కర్నూల్లో మూడు కూడా రాదు కదా, కొనొచ్చునా?"

కొనొచ్చు. దుబాయి 2002లోనే విదేశీయులకు తలుపు తెరిచింది. మన రిజర్వు బ్యాంకు కూడా విదేశాలకు సొమ్ము పంపుకునే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద మనిషికి ఏడాదికి 2.5 లక్షల డాలర్లు పంపనిస్తుంది. అయితే అది సొంత సొమ్మే కావాలి. పంపడానికి ఇక్కడి బ్యాంకు అప్పివ్వకూడదు.

ఆయనతో కాగితం మీద వేసిన లెక్క ఇది. ఫ్లాటు ధర 8 లక్షల దిర్హాములు. దిర్హాము 23 రూపాయలనుకుంటే 1.84 కోట్లు. పంపేటప్పుడే 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం, అంటే దాదాపు 35 లక్షలు, బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్నుగా పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటో రిఫండో అవుతుంది గానీ అందాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. అక్కడి రిజిస్ట్రేషన్ ఫీజు 4 శాతం, అంటే 32 వేల దిర్హాములు.

ఏడు శాతం చొప్పున ఏడాది అద్దె 56 వేల దిర్హాములు. నిర్వహణ ఖర్చుకు 12 వేలు తీసేయండి. దుబాయిలో అద్దె మీద ఆదాయపు పన్ను లేదని బ్రోచరు చెప్పింది నిజమే. కానీ ఇక్కడ నివసించేవాళ్లు ప్రపంచంలో ఎక్కడి ఆదాయానికైనా ఇక్కడ పన్ను కట్టాలి. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు అది సుమారు 12 వేలు. మిగిలేది 32 వేలు, నాలుగు శాతం. మొదటి ఏడాది అద్దె రిజిస్ట్రేషన్ ఫీజుకే సరిపోయింది! ఒక్క నెల ఖాళీగా ఉన్నా ఇంకా తగ్గుతుంది.

అసలు లాభం రూపాయి పతనంలో ఉంది. దిర్హాము డాలరుకు కట్టి ఉంటుంది. 2014లో డాలరు 60 రూపాయల చుట్టూ ఉండేది, 2024 చివరికి 85 అయింది. అక్కడ ధర కదలకపోయినా రూపాయల్లో 40 శాతం పెరిగినట్టే. పిల్లల చదువుకో, కాపురానికో డాలర్లలో ఖర్చు ఉన్న ఇంటికి ఇది నిజమైన రక్షణ.

నష్టం సంగతీ వినాలి. 2008 చివర్లో దుబాయి ధరలు కూలాయి. కట్టకముందే కొన్నవాళ్లలో చాలామందికి పునాది కూడా మిగల్లేదు. కొనేవాళ్ల సొమ్ము ఆ ప్రాజెక్టుకే ప్రత్యేకించిన ఎస్క్రో ఖాతాలోనే ఉండాలన్న చట్టం 2007లోనే వచ్చింది. అందుకే బిల్డరు ఖాతా నంబరిస్తే, అది ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతా అవునో కాదో దుబాయి ల్యాండ్ డిపార్ట్‌మెంటులో కనుక్కున్నాకే డబ్బు పంపండి.

కొన్నాక రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాల్సిందే. దాస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. గల్ఫ్‌లో పనిచేస్తూ అక్కడ కొనుక్కుని తిరిగొచ్చినవాళ్లు ఆ ఇల్లు నిశ్చింతగా ఉంచుకోవచ్చు, మన విదేశీ మారకం చట్టం ఫెమా ఒప్పుకుంటుంది. షెడ్యూలు మాత్రం వాళ్లకూ తప్పదు.

మిగులు సొమ్ముంటే, అక్కడ మీ మనిషి ఒకరుంటే కొనండి. తుంగభద్ర దిగువ కాలువ కింది మాగాణి అమ్మి మాత్రం కొనకండి.