సాకెట్టులో కరెంటు ఉంటే సరిపోతుందా?

స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకుంటున్నప్పుడు ఒక తండ్రిగారు నన్నడిగారు: "మావాడు పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరాడండీ. వైర్లు లాగే పనికి ఓమ్ సూత్రాలు, లెక్కలు దేనికండీ?" అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. కాని 2017లో ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో కళ్ళారా చూసినది ఒకటుంది. ఆయన ప్రశ్నకు జవాబు అందులో దొరుకుతుందని రాస్తున్నాను.

మన ఇళ్ళలో సాధారణంగా బోర్డు నుంచి బయలుదేరిన తీగ ప్లగ్గు పాయింట్ల దాకా వెళ్ళి అక్కడితో ఆగుతుంది. బ్రిటన్‌లో చాలా ఇళ్ళలో అలా కాదు. తీగ సాకెట్లన్నిటినీ కలుపుకుంటూ గదులు చుట్టి, తిరిగి అదే బోర్డులో అదే బ్రేకరుకు చేరుతుంది. దీన్ని రింగ్ సర్క్యూట్ అంటారు. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత, రాగి పొదుపుగా వాడవలసిన రోజుల్లో ఇది వాడుకలోకి వచ్చింది. ప్రతి సాకెట్టుకూ రెండు దారుల్లో కరెంటు అందుతుంది కనుక 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకే 32 ఆంపియర్ల బ్రేకరు పెడతారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. రింగు ఒకచోట తెగినా రెండో దారిలో కరెంటు వస్తూనే ఉంటుంది. వాషింగ్ మెషీన్ తిరుగుతుంది, కెటిల్లో నీళ్ళు మరుగుతాయి. కాని బరువంతా ఒకే తీగ మీద పడుతుంది. వేసిన తీరును బట్టి 20 నుంచి 27 ఆంపియర్లు మోసే తీగ 32 మోస్తున్నా బ్రేకరు పడదు, గోడలో తీగ వేడెక్కుతుంది. నాకు వెంటనే ట్రయల్ బ్యాలెన్స్ గుర్తొచ్చింది. ఒకరి ఖాతాలో వేయవలసిన సొమ్ము మరొకరి ఖాతాలో వేసినా అది చక్కగా టాలీ అవుతుంది!

మా అమ్మాయి వాళ్ళు కొన్నది పాత ఇల్లు. పరీక్షకు వచ్చిన ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, కరెంటు లేదని మీటరుతో రూఢి చేసుకుని, రింగు తీగల రెండేసి కొసలనూ బోర్డులోంచి విప్పాడు. ఫేజు తీగ ఒక కొస నుంచి మరో కొసకు, తర్వాత న్యూట్రల్, తర్వాత ఎర్త్ కొలిచాడు. 2.5 రాగి తీగకు మీటరుకు 7.41 మిల్లీఓములు. రింగు 50 మీటర్లనుకుంటే ఫేజు 0.37 ఓములు, న్యూట్రల్ కూడా 0.37 రావాలి. అక్కడి ఎర్త్ తీగ సాధారణంగా 1.5 మందమే, కనుక 0.6 దాకా వస్తుంది. ఆ ఇంట్లో న్యూట్రల్, ఎర్త్ సరిగానే వచ్చాయి. ఫేజుకు మాత్రం మీటరు ఏమీ చూపలేదు. తెగింది! అంతకు ముందు ఎవరో వంటగది మార్పులు చేసినప్పుడు ఒక సాకెట్టు వెనుక స్క్రూ సరిగా బిగించలేదట. ఎన్నాళ్ళ నుంచి అలా ఉందో.

బిగించాక రెండో మెట్టు. విద్యార్థులు ఇది కాగితం మీద గీసుకుని చూడాలి. ఫేజు మొదటి కొసను న్యూట్రల్ చివరి కొసకు, ఫేజు చివరి కొసను న్యూట్రల్ మొదటి కొసకు అడ్డంగా కలిపాడు. ఇప్పుడు రెండు తీగలూ కలిసి ఒకే వలయం, మొత్తం 0.74 ఓములు. ఏ సాకెట్టు దగ్గర చూసినా దాని ఫేజు, న్యూట్రల్ ఈ వలయంలో సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. అంటే ఇటు 0.37, అటు 0.37. సమాంతరంగా ఉన్నాయి కనుక దాదాపు 0.19. ఈ అంకె ప్రతి సాకెట్టులోనూ రావాలి. రింగు మధ్యలో ఎవరైనా అడ్డతీగ వేసి ఉంటే మొదటి పరీక్షలో బయటపడకపోవచ్చు, ఇక్కడ అంకెలు తేడా వచ్చి పట్టుబడుతుంది. రింగు నుంచి పాయగా తీసిన సాకెట్టులో మాత్రం కాస్త ఎక్కువ వస్తుంది. అదే విధంగా ఫేజునూ ఎర్త్‌నూ కలిపి మరోసారి చూశాడు. అంకెలన్నీ కాగితం మీద రాసుకున్నాకే మెయిన్ వేశాడు. ఇదంతా పదో తరగతి పాఠమే కదా!

మన ఇళ్ళలో రింగు లేకపోయినా ఎర్త్ విషయంలో ఈ పరీక్ష అవసరమే. ఫ్రిజ్జు, గీజరు ఎర్త్ లేకుండానూ పనిచేస్తాయి, లోపల లీకేజీ వచ్చి ఎవరైనా ముట్టుకున్నప్పుడు గాని తెలియదు. టెస్టరు వెలిగితే ఫేజు ఉందని మాత్రమే అర్థం. కొత్త వైరింగు చేయించినవారు డబ్బులిచ్చే ముందు, మెయిన్ ఆపించి, ప్రతి ప్లగ్గులోని పెద్ద పిన్ను రంధ్రం నుంచి బోర్డులోని ఎర్త్ దాకా మీటరుతో కొలిపించి అంకెలు రాయించుకోండి. సొంతంగా బోర్డు విప్పవద్దు.