జిరాక్సు అంగడిలో ఒక్క ప్రింటరు

పరీక్షల కాలమున పులివెందులలో ఏ జిరాక్సు అంగడికైనను పోయి చూడుడు. నాలుగు కంప్యూటర్ల యెదుట నలుగురు కూర్చుండి, ఒకరు హాల్‌టికెట్టును, ఒకరు అడంగల్ నకలును, వేరొకరు దస్తావేజు చిత్తును ముద్రణకు పంపుచుందురు. ప్రింటరు మాత్రము గోడవార బల్లపై ఒక్కటియే యుండును. అయినను ఒకరి పుటలు మరొకరి పుటలతో కలిసిపోవు. ముందు వచ్చినది ముందుగను, వెనుక వచ్చినది వెనుకగను, నాలుగు తీగలు కూడిన చిన్న పెట్టె మీదుగా వచ్చి వరుస తీరి వెలువడుచుండును.

ఈ యేర్పాటు పుట్టినచోటి పేరు ఆ అంగడి బోర్డుమీదనే యున్నది. నకలుకు మారుపేరుగా మనము వాడుకొను జిరాక్సు ఒక అమెరికా సంస్థ పేరు; 1970లో అది కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో నెలకొల్పిన పరిశోధనాలయముననే ఈ విద్య రూపుదాల్చినది. అచట గ్యారీ స్టార్క్‌వెదర్ అను శాస్త్రజ్ఞుడు లేజరు కిరణముతో డ్రమ్ముపై అక్షరములు లిఖించు ప్రింటరును 1971 నాటికి పనిచేయించెను. సెకనుకొక పుట ముద్రింపగల యంత్రమును బల్లకొక్కటి చొప్పున నిలుపుట ధనమునకు మించిన పని. ఒక్క బల్లకే కట్టివేసినచో దాని వేగమంతయు వృథా. కావున అందరి యంత్రములను ఒక్క తీగపై కూర్చు పద్ధతిని రాబర్ట్ మెట్కాఫ్ 1973 మే 22న ఒక లేఖలో వివరించి, డేవిడ్ బాగ్స్ తోడ్పాటుతో దానిని నిర్మించెను. అదియే ఈథర్‌నెట్టు. తొలినాళ్ల దాని వేగము సెకనుకు 29.4 లక్షల బిట్లు.

ఆ తొలి ఈథర్‌నెట్టు నియమము మన రచ్చబండ మర్యాదను పోలియుండెను: మాటాడుటకు ముందు తీగపై ఎవరైన మాటాడుచున్నారేమో వినవలెను; ఇద్దరొక్కసారి మొదలిడినచో ఇద్దరును ఆగి, ఎవరికి తోచినంతసేపు వారు నిలిచి, మరల యత్నింపవలెను. ఇంత సులభమైన నియమముతో ఇంత గొప్ప కార్యము నెరవేరుట నాకిప్పటికిని ఆశ్చర్యమే.

అదే తీగపై ఫైళ్లను పంచుకొనుట ఇంతకంటె సున్నితము. ఒక దస్తావేజును ఇద్దరొక్కసారి దిద్దినచో ఒకరి శ్రమ చెడును. కావున మొదట తెరచినవారికి వ్రాయు హక్కునిచ్చి, రెండవవారికి చదువుటకు మాత్రమే అనుమతించు తాళములు అవసరమైనవి. 1980ల యందు ఐ.బి.ఎం.లో బ్యారీ ఫైగెన్‌బామ్ కల్పించిన ఎస్.ఎం.బి. అను సంభాషణా విధానము ఈ పని చేసెను. తరువాత మైక్రోసాఫ్టు దానిని విండోసులో చేర్చుకొనెను. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అను విద్యార్థి, తీగపై యంత్రములాడుకొను మాటలను ఓపికతో విని, ఆ భాష వ్యాకరణమును తానే గ్రహించి, 1992లో అందరికిని ఉచితముగా అందించిన సాఫ్టువేరే నేటి సాంబా.

ఈ ద్వారముననే కీడును ప్రవేశించినది. ఎస్.ఎం.బి. తొలిరూపమునందలి లోపము నాధారము చేసికొని 2017 మే 12న వన్నాక్రై అను హానికర సాఫ్టువేరు ప్రపంచమంతట వ్యాపించి ఫైళ్లను బంధించినప్పుడు, మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానివాత బడినవి. దానికి తగిన సవరణను మైక్రోసాఫ్టు మార్చిలోనే విడుదల చేసియుండెను.

అంగడి నడుపు సోదరులారా, ఆ పాత ఎస్.ఎం.బి.ని మీ యంత్రములలో నేడే ఆపివేయుడు. పంచిన ఫోల్డరుకు సంకేతపదము నుంచుడు. రైతు తెచ్చిన పట్టాదారు పుస్తకపు నకలు ముద్రించిన పిదప ఆ ఫైలును తుడిచివేయుడు.