తొలి కార్డును ఉంచుకొనవలెనా?

మా బోరబండ రైలు నిలయమునకు ప్రక్క నిలయమే హైటెక్ సిటీ. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు భవనము ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతమున పనిచేయు యువజనులు పెక్కుమంది మా వీధులలో కాపురముండిరి, ఇప్పుడును ఉన్నారు. వారిలో కొందరు నాయొద్ద తెలుగు చదివినవారు. బడిలో ఉన్నంతకాలము వారు సంధులను గూర్చియు సమాసములను గూర్చియు నన్ను ప్రశ్నించెడివారు. నేను పదవి చాలించుకొని ఇంటిపట్టుననున్న ఈ దినములలో మా అరుగుమీద కూర్చుండి వారడుగు ప్రశ్నలు వేరు. వానిలో ఒకదానిని నేటి ప్రసంగమునకు విషయముగా గైకొనుచున్నాను.

మూడు సంవత్సరములకు పూర్వము ఒక శిష్యుడు వచ్చి యిట్లనెను: "మాస్టారూ! ఉద్యోగమున చేరిన క్రొత్తలో 25,000 రూపాయలు బ్యాంకులో డిపాజిట్టు వేసి, దాని హామీమీద ఒక చిన్న క్రెడిట్ కార్డు తీసికొంటిని. దాని పరిమితి 20,000. ఇప్పుడు జీతము పెరిగినది. మేలైన కార్డొకటి కావలెనని దరఖాస్తు పెట్టితిని, త్రోసివేసిరి. చిన్న కార్డు చేతనుండగా పెద్దది రాదని స్నేహితులు చెప్పుచున్నారు. దీనిని రద్దు చేసికొనమందురా?"

నేను వెంటనే బదులు చెప్పలేదు. వడ్డీలెక్క తెలిసినంతమాత్రమున ఇట్టి విషయములు తెలియవు గదా! తెలిసినవారి నడిగి, నియమములను చదివి, కొంత గ్రహించిన పిమ్మట అతనికి చెప్పితిని. అదియే మీకును మనవి చేయుచున్నాను.

క్రెడిట్ అను మాటకు మనకు చక్కని మాట యొకటి కలదు. అది పరపతి. సహకార పరపతి సంఘములు అనునప్పుడు మనము వాడునది దీనినే. పరపతి యనగా ధనము కాదు. ఇచ్చిన సొమ్ము వేళకు తిరిగివచ్చునని లోకమునకు మనయందుగల నమ్మకము. పల్లెలోని దుకాణదారుని ఖాతాపుస్తకమున ప్రతి యింటికిని ఒక పుట ఉండెడిది. పంట చేతికి రాగానే బాకీ తీర్చిన ఇంటికి మరుసటి యేడు అడిగిన సరుకు దొరకెడిది. తీర్చని యింటికి ఉప్పుకల్లైనను అరువు పుట్టెడిది కాదు.

క్రెడిట్ కార్డును తెలుగువారికి నిన్న మొన్న వచ్చిన వస్తువు కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డులను ప్రవేశపెట్టి, ఈ దేశమున ఆ పనికి పూనుకొన్న తొలి బ్యాంకులలో ఒకటిగా పేరొందెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆ తొలినాళ్లలో బ్యాంకు తన ఖాతాదారుని గూర్చి తానెరిగిన దానినే నమ్ముకొనవలసి యుండెను. అన్ని బ్యాంకుల పద్దులను ఒకచోట కూర్చు సంస్థ దేశమున లేదు. 2000వ సంవత్సరమున సిబిల్ అను సంస్థ ఏర్పడినది. 2005లో ఇట్టి సంస్థలకై ప్రత్యేకముగ చట్టము వచ్చినది. నేడు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు ఈ పని చేయుచున్నవి. దేశమంతటికిని ఖాతాపుస్తకమును వ్రాయు కరణములు వీరే యనుకొనవచ్చును.

ఈ పుస్తకమున మన పుటయందేమి యుండును? మనము తీసికొన్న ప్రతి అప్పు, ప్రతి కార్డు, అది మొదలైన తేదీ, దాని పరిమితి, నేటి బాకీ, గడచిన 36 నెలలవరకు ఏ నెల యెన్నిదినములు ఆలస్యముగా చెల్లించితిమో ఆ వివరము, క్రొత్త అప్పులకై మనమెక్కడెక్కడ దరఖాస్తు పెట్టితిమో ఆ జాబితా ఉండును. వీనినుండి 300 మొదలు 900 వరకు ఒక అంకెను లెక్కగట్టుదురు. దానినే స్కోరనుచున్నారు. బ్యాంకు ఈ అంకెతోపాటు మన ఆదాయమును, ఉద్యోగమును, ఉన్న అప్పుల భారమును చూచి తన నిర్ణయము చేయును.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. చిన్న కార్డు ఉన్నంతమాత్రమున పెద్దది రాకపోవునా? రాకపోదు. చిన్న పరిమితిగల కార్డు అపరాధము కాదు. పుటయందలి మొదటి పద్దు మాత్రమే. పైపెచ్చు దానివలన మూడు విధములైన మేలు కలుగవచ్చును.

మొదటిది చెల్లింపుల చరిత్ర. నెలనెల వేళకు తీర్చిన ప్రతి బిల్లును మనకు సాక్షియగును. పెద్దకార్డు నిచ్చువాడు మొట్టమొదట వెదకునది ఈ సాక్ష్యమునే.

రెండవది వయస్సు. పాత ఖాతా యెంతకాలము సజావుగా నడచిన అంత మంచిది. దానిని మూసివేసిన మరునాడే చరిత్ర చెరిగిపోదు. మూసిన ఖాతాయును కొంతకాలము పుటలో కనబడుచునే యుండును. కాని అది ఆనాటితో పెరుగుట మానివేయును.

మూడవది వాడుకపాలు. మనకున్న పరిమితిలో ఎంతభాగము వాడుచున్నామన్నది దీని భావము. ఒక ఉదాహరణము: ఒకనికి 20,000 పరిమితిగల కార్డొకటి, 80,000 పరిమితిగల కార్డొకటి కలవు. నెలకతని వాడుక 30,000. మొత్తము లక్షలో ఇది నూటికి 30 పాళ్లు. చిన్నదానిని మూసినయెడల 80,000లో 30,000, అనగా నూటికి 37న్నర పాళ్లగును. అతడు ఖర్చు పెంచకపోయినను పుటలో పాలు పెరిగినది. భేదము కొద్దిదే, కాని క్రొత్త దరఖాస్తు పెట్టబోవునప్పుడు కోరి తెచ్చుకొనదగినది కాదు. ఉన్నది ఆ 20,000 కార్డొక్కటియే యై, నెలకు 18,000 వాడువాడు ప్రతినెల పూర్తిగా తీర్చుచున్నను, చేయి కటకటగా నున్నవానివలె కనబడవచ్చును.

ఒక్క చిక్కు మాత్రము కలదు. చిన్నకార్డు నిచ్చిన బ్యాంకునే పెద్దకార్డు నడిగినప్పుడు, ఒక మనిషికి రెండు కార్డులీయని బ్యాంకులును, ఒకే పరిమితిని రెంటికిని పంచు బ్యాంకులును కలవు. అచ్చట దరఖాస్తుకు మారుగా, ఉన్నదానినే పైతరగతికి మార్చుమని యడుగుట మంచిది. ఇది ఆ బ్యాంకు ఏర్పాటేగాని చిన్నకార్డు దోషము కాదు.

అట్లయినచో మా శిష్యుని దరఖాస్తును ఏల త్రోసివేసిరి? రిజర్వు బ్యాంకు నియమము ననుసరించి ప్రతి సంస్థయు ఏడాదికొకమారు మన పుట ప్రతిని ఉచితముగా ఈయవలెను. ఆ ప్రతిని తెప్పించుకొని రమ్మంటిని. తెచ్చెను. చూడగా విషయము తెలిసినది. అతడు చిన్నకార్డును వాడుట మాని సొరుగులో పడవైచెను. తొలియేడు రుసుము లేదు. రెండవయేట 499 రూపాయలు పడినది. దానిపై నూటికి 18 వంతున పన్ను చేరి సుమారు 589 అయినది. ఇతడు ఇల్లు మారెను, ఫోను సంఖ్య మారెను, బ్యాంకునకు తెలుపలేదు. బిల్లులు పాత చిరునామాకు పోయినవి. రుసుముపై ఆలస్యపు రుసుము, దానిపై వడ్డీ. కార్డు బాకీపై వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలకు పైమాటయే గదా! అయిదు నెలలు బాకీదారుడని పుటలో పడినది. లక్షల జీతగానికి అయిదువందల రూపాయల మచ్చ! అదియుగాక, తొలి తిరస్కారము కాగానే తొందరపడి ఆ నెలలోనే మరి మూడుచోట్ల దరఖాస్తు పెట్టెను. అవియు పుట కెక్కినవి.

కావున శ్రోతలారా, చెరుపు చేసినది కార్డును ఉంచుకొనుట కాదు, ఉంచుకొని మరచుట. ఏరు దాటి తెప్ప తగలవేసినట్లు తొలి కార్డును వెంటనే తీసివేయరాదు. అట్లని తెప్పను ఒడ్డున కట్టివేయక ప్రవాహమునకు విడువనురాదు.

మరి చేయవలసిన దేమి? రుసుములేని కార్డైనచో ఉంచుకొనుడు. నెలకు ఒక ఫోను బిల్లో, కరెంటు బిల్లో దానితో కట్టి, గడువులోపల పూర్తిగా తీర్చుడు. కనిష్ఠపు సొమ్ము కట్టిన చాలునని యుండకుడు. తక్కినదానిపై వడ్డీ నడచుచునే యుండును. రుసుము గలదైనచో, రుసుము లేనిదానిగా మార్చుమని ముందుగా అడుగుడు. మార్చరా, దానివలన లాభములేదా, హామీ డిపాజిట్టు మీకు అవసరమా — అప్పుడు మూసివేయవచ్చును. కాని మేలైన కార్డు చేతికి వచ్చిన పిమ్మటనే మూయుడు. చేతికి సులభముగా వచ్చు అప్పును చూచి నిగ్రహింపలేనివాడు మాత్రము స్కోరును లెక్కింపక నేడే మూయవచ్చును. అప్పుచేసి పప్పుకూడు తినుటకంటె అంకె కొంత తగ్గుట మేలు.

మూయునప్పటి పద్ధతియును కలదు. బాకీ అణాపైసలతో తీర్చి, వ్రాతమూలముగా కోరవలెను. 2022వ సంవత్సరపు రిజర్వు బ్యాంకు ఆదేశములనుబట్టి, బాకీ లేనియెడల ఏడు పనిదినములలో కార్డును రద్దు చేయవలెను. ఆలస్యమైన ప్రతిదినమునకును 500 రూపాయలు మనకీయవలెను. ఏడాదికి మించి వాడని కార్డును మనకు తెలిపి, 30 దినములలో జవాబు రానియెడల, బాకీలు తీరియున్నచో బ్యాంకే మూయవలెనని ఆ ఆదేశములలో కలదు. కావున ఉంచుకొనదలచినవారు అప్పుడప్పుడు వాడుచుండవలెను. మూసిన రెండు మాసములకు పుటను మరల తెప్పించి, "మూయబడినది" అని పడినదో లేదో చూచుకొనుడు. తప్పుపడిన దిద్దుమని అడుగవచ్చును. 30 దినములలో ఆ ఫిర్యాదు తీరవలెను.

మన పిల్లలు పెక్కుమంది అమెరికాకు చదువులకు పోవుచున్నారు గాన ఒకమాట. అచ్చటి పుట వేరు. అంకె 300 మొదలు 850 వరకు. ఇచ్చటి సత్ప్రవర్తన సాధారణముగ అచ్చట లెక్కకు రాదు. అందుచే వారును డిపాజిట్టు హామీతో చిన్నకార్డు తీసికొని మొదలుపెట్టుట కలదు. సక్రమముగా నడచి మూసిన ఖాతా అచ్చట పదియేండ్లవరకు పుటలో నిలిచియుండును. అచ్చటను సూత్రమిదియే.

మా శిష్యుడు బాకీ తీర్చెను; చిరునామా సరిచేసికొనెను; ఏడాదికి పైగా ఎచ్చటను దరఖాస్తు పెట్టక, చిన్నకార్డుతోనే ఫోను బిల్లు కట్టుచు వచ్చెను. పాతమచ్చ పుటనుండి చెరగలేదు. కాని దానిపై మంచి నెలలు పేరుకొనినవి. పిమ్మట ఒక్కచోట అడిగెను, ఇచ్చిరి. చిన్నకార్డు నేటికిని అతనియొద్దనే యున్నది.

భాషాశాస్త్రజ్ఞులు చెప్పునదొకటి విన్నవించి ముగించెదను. క్రెడిట్ అను మాటకు మూలమైన లాటిను క్రియయు, మన సంస్కృతమునందలి శ్రద్ధయు ఒకే ప్రాచీన మూలమునుండి పుట్టినవట. శ్రద్ధ యనగా విశ్వాసము. తెలుగున దానికే జాగరూకత యనియు అర్థము వచ్చినది. మొదటి శ్రద్ధ బ్యాంకు మనయందుంచవలసినది. రెండవది మనము మన ఖాతాయందుంచవలసినది. రెండవది యున్నచోట మొదటిది తనంతట తానే వచ్చును.