అమ్మా, సాలెపురుగు!



ఈ కేక వినగానే చీపురు తీస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి. దూరం నుంచే కాళ్లు లెక్కపెట్టమని మీ పిల్లలకు చెప్పండి. సాలెపురుగు అంటాం గానీ ఇది కీటకం కాదు: కీటకాలకు 6 కాళ్లు, దీనికి 8.

పైకప్పు మూలల్లో: సన్నని పొడుగు కాళ్లు, తాకితే గూడంతా ఊపేస్తుంది. ఇది డాడీ లాంగ్ లెగ్స్.

గోడ మీద: చిన్నగా ఉండి గెంతుతుంది, ముందువైపు రెండు పెద్ద కళ్లు. ఇది జంపింగ్ స్పైడర్. గూడు అల్లి కాదు, దూకి ఈగలను పట్టుకుంటుంది.

తలుపు వెనక: దాదాపు అరచేయంత, బల్లపరుపుగా ఉంటుంది. ఇది హంట్స్‌మన్, బొద్దింకలను తింటుంది. పొట్ట కింద తెల్లటి బిళ్ల ఉంటే అది విషం కాదు, గుడ్ల సంచి!

తోటలో: గూడు మధ్య కాళ్లను జతలుగా చాచి, గుణకారం గుర్తులా కూర్చుంటుంది. ఇది సిగ్నేచర్ స్పైడర్.

వీటితో ప్రాణాపాయం లేదు. అయినా చేత్తో పట్టుకోనివ్వకండి. బయటికి పంపాలంటే పైన గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చండి. ఒంటి మీద మంటతో నీటిపొక్కులు వస్తే మాత్రం "సాలెపురుగు పాకింది" అని సరిపెట్టుకోకండి. అది సర్పి కావచ్చు; డాక్టరుకు చూపించండి.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఏవేవి కనిపించాయో పిల్లల చేత బొమ్మలు వేయించండి. పేరు తెలిస్తే సగం భయం పోతుంది.