బడి గడప దగ్గర ఆగిన తండ్రి

కూతుళ్ల చదువు కోసం ఓ చైనా కిరాణా వ్యాపారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆ పోరాటంలో ఆయన అడిగింది ఎంత ముఖ్యమో, అడగనిదీ అంతే ముఖ్యం.

1924 సెప్టెంబర్. అమెరికాలో మిసిసిపి నది పక్కనున్న రోజ్‌డేల్ అనే చిన్న ఊళ్లో బడులు తెరిచిన రోజు. తొమ్మిదేళ్ల మార్తా లమ్ పొద్దున్నే వెళ్లి తరగతిలో కూర్చుంది. మధ్యాహ్నం విరామంలో సూపరింటెండెంట్ పిలిచి, ఇక ఈ బడికి రాకూడదని చెప్పేశారు. మార్తా చేసిన తప్పేమీ లేదు. పుట్టింది అమెరికాలోనే. తండ్రి పన్నులు కడుతూనే ఉన్నాడు. కానీ ఆ పిల్లది చైనా సంతతి. ఆ బడి తెల్లజాతి పిల్లలది.

ఇలాంటి అవమానం ఎదురైనప్పుడు వలస వచ్చినవాళ్లు చాలామంది నోరు మూసుకుని ఊరుకుంటారు. అలా ఊరుకోవడానికి మార్తా తండ్రి జూ గాంగ్ లమ్‌కు ఇంకా గట్టి కారణమే ఉంది. చైనా కూలీలు అమెరికాలో అడుగు పెట్టకుండా 1882లో తెచ్చిన చట్టం అప్పటికింకా అమల్లోనే ఉంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో కెనడా సరిహద్దు మీదుగా, ఆ చట్టం కన్నుగప్పి వచ్చినవాడు లమ్. కోర్టు మెట్లెక్కితే తన గుట్టే రట్టు కావచ్చు. అయినా ఎక్కాడు.

కొట్టే జీవనాధారం

డెల్టాగా పిలిచే ఆ పత్తి ప్రాంతంలో చైనీయుల కథ బానిసత్వం రద్దయ్యాక మొదలైంది. స్వేచ్ఛ పొందిన నల్లజాతి కూలీలు తమ మాట వినడం లేదని కొందరు భూస్వాములు చైనీయులను పనిలోకి రప్పించారు. ఆ కూలితో ఎదగలేమని త్వరగానే గ్రహించిన చైనీయులు పొలాలు వదిలి కిరాణా కొట్లు పెట్టుకున్నారు. కొనేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి కౌలుదార్లు, కూలీలు. చాలామందికి కొట్టు వెనకే కాపురం. భాష రాకపోయినా ఇబ్బంది లేదు, కావలసిన సరుకును కొనేవాళ్లే కర్రతో చూపించేవారు. ఇంటిల్లిపాదికీ కొట్లోనే పని. మన పల్లెల్లో వీధి చివరి కిరాణా కొట్టు ఎలా నడుస్తుందో తెలిసినవారికి ఆ జీవితం విడమరచి చెప్పనక్కర్లేదు.

లమ్, ఆయన భార్య కేథరిన్ బతుకూ కొట్టు చుట్టూనే తిరిగింది. పెద్ద కూతురు బెర్డా, చిన్నది మార్తా, వాళ్ల తర్వాత ఓ కొడుకు. తమకు దక్కనిది పిల్లలకు దక్కాలన్నదే ఆ తల్లిదండ్రుల పట్టుదల. నల్లజాతి పిల్లల బడులకు అరకొర నిధులు, అరకొర గదులు. పత్తి పనులు వస్తే అవి మూతపడేవి. ఆ బడికి పంపితే పిల్లల భవిష్యత్తు అక్కడే ఆగిపోతుందని వాళ్ల భయం.

చట్టంలో లేని జాతి

తెల్లజాతి పిల్లలకూ, 'కలర్డ్' పిల్లలకూ వేర్వేరు బడులు ఉండాలని 1890 నాటి మిసిసిపి రాజ్యాంగం అప్పట్లో చెప్పేది. చైనీయుల ఊసు అందులో లేదు. లమ్ దంపతులు ఆశ్రయించిన న్యాయవాది ఎర్ల్ బ్రూవర్ సామాన్యుడు కాదు, 1912 నుంచి 1916 దాకా ఆ రాష్ట్రానికి గవర్నర్. తొలి విడతలో లమ్ కుటుంబమే గెలిచింది. మార్తాను చేర్చుకోవాలని కింది కోర్టు ఆదేశించింది. 1925లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. తెల్లజాతి కానివారంతా 'కలర్డ్' కిందికే వస్తారని తేల్చింది. వ్యవహారం దేశ సుప్రీంకోర్టుకు చేరింది.

లమ్ తరఫు వాదన ఏమిటి? చైనీయులు 'కలర్డ్' కారు, వాళ్లకంటూ ఊళ్లో వేరే బడి లేదు కనుక ఉన్న బడిలోనే చేర్చుకోవాలి. నల్లజాతి పిల్లలతో కలవకుండా తెల్లవాళ్లు తమ పిల్లలను కాపాడుకుంటున్నప్పుడు అదే రక్షణ చైనీయుల పిల్లలకు ఎందుకు ఉండదు? ఈ రోజు చదివితే గొంతులో ముల్లులా గుచ్చుకునే మాట ఇది. పిల్లలను జాతివారీగా విడదీయడం తప్పని ఆ వాదన ఎక్కడా అనలేదు. ఆ గీతకు అవతల కాకుండా ఇవతల నిలబెట్టమని మాత్రమే కోరింది. ఆ గీతకు అవతల ఉన్నది ఎవరు? లమ్ లాంటివాళ్ల కొట్లలో సరుకులు కొని వాళ్ల కడుపు నింపుతున్న మనుషుల పిల్లలే.

భారతీయులు లమ్‌ను తప్పుపట్టే ముందు 1923 నాటి మరో కేసు గుర్తు చేసుకోవాలి. పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థింద్ అమెరికా పౌరసత్వం కోసం అదే సుప్రీంకోర్టులో తాను అగ్రవర్ణ ఆర్యుడినని, కాబట్టి తెల్లజాతివాడినేనని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. అంతకు ఏడాది ముందు తకావో ఒజావా అనే జపాన్ వలసదారుకీ అదే సమాధానం వచ్చింది. పుట్టిన దేశాలు వేరైనా ముగ్గురూ తట్టింది ఒకే తలుపు.

1927 నవంబర్ 21న తీర్పు వచ్చింది. రాసింది ప్రధాన న్యాయమూర్తి, అంతకుముందు దేశాధ్యక్షుడిగా కూడా పనిచేసిన విలియమ్ హోవార్డ్ టాఫ్ట్. పిల్లలను ఏ బడికి పంపాలన్నది రాష్ట్రాల ఇష్టమని, నల్లజాతి విషయంలో పదేపదే ఖాయమైన సూత్రం చైనీయుల విషయంలో మారనక్కర్లేదని ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఒక్క న్యాయమూర్తీ విభేదించలేదు.

ఓడిన కేసు, సాగిన చదువు

లమ్ అక్కడితో ఆగిపోలేదు. కోర్టులో దొరకనిది నదికి అవతల వెతుక్కున్నాడు. కుటుంబాన్ని పక్క రాష్ట్రం ఆర్కన్సాలోని ఎలెయిన్ అనే ఊరికి మార్చాడు. అక్కడి తెల్లవాళ్ల బడి ఆయన కూతుళ్లను చేర్చుకుంది. తండ్రిగా ఆయన గెలిచాడు. అయితే ఆ ఊరి చరిత్ర కూడా గమనించాలి. పత్తికి న్యాయమైన ధర కోసం సంఘం పెట్టుకున్న నల్లజాతి కౌలుదార్లను 1919లో పెద్దసంఖ్యలో ఊచకోత కోసింది ఆ చుట్టుపక్కలే.

తీర్పు ప్రభావం మాత్రం లమ్ ఇంటితో ముగియలేదు. పిల్లలను జాతులవారీగా విడదీసే రాష్ట్రాలకు అది మరో ఆధారమైంది. 1954 నాటి ప్రసిద్ధ బ్రౌన్ తీర్పు వరకు ఆ విభజన చట్టబద్ధంగా సాగింది. బ్రౌన్ తీర్పులో లమ్ కేసు ప్రస్తావన ఒక్క వాక్యంలో ఉంది. విడదీసే సూత్రాన్నే ఆ కేసులో ఎవరూ సవాలు చేయలేదన్నది దాని సారాంశం.

చేయగలిగేవారా? నల్లజాతివాళ్లు నోరు విప్పితే ప్రాణాలు పోయే రోజులవి. సరైన పత్రాలు కూడా లేని ఓ దుకాణదారు ఒంటరిగా వ్యవస్థనంతా కూల్చాలని కోరడం అత్యాశే. అయినా ఆ కేసు నడిపిన బ్రూవర్ దారి తర్వాత మారింది. చిత్రహింసలు పెట్టి నేరం ఒప్పించిన ముగ్గురు నల్లజాతి కౌలుదార్ల తరఫున సుప్రీంకోర్టులో వాదించి, 1936లో వాళ్ల శిక్షలను రద్దు చేయించారు.

బ్రౌన్ కేసుకు పేరిచ్చిన ఆలివర్ బ్రౌన్ కూడా ఒక తండ్రే. కాన్సస్ రాష్ట్రంలో కూతురు లిండాను దగ్గర్లోని బడికి తీసుకెళ్లి, చేర్చుకోకపోతే కోర్టుకెళ్లినవాడే. కూతురి మీద ప్రేమలో ఆయనకూ, గాంగ్ లమ్‌కూ తేడా లేదు. లమ్ తన పిల్లను గీతకు ఇవతలికి రానివ్వమన్నాడు. బ్రౌన్, ఆయనతో కలిసి వచ్చిన తల్లిదండ్రులు ఆ గీతనే చెరిపేయమన్నారు.